టోయిక్ కథ: ఆఫీసు ఇంగ్లీషుకి 990 మార్కులు ఎవరు పెట్టారు?

ముందు ఒక ప్రశ్న ఇస్తాను, వీడియో పాజ్ చెయ్యకుండా మనసులోనే జవాబు అనుకోండి. "ఆల్ ఎంప్లాయీస్ మస్ట్ సబ్‌మిట్ దెయిర్ ఎక్స్‌పెన్స్ రిపోర్ట్స్ డాష్ ఫ్రైడే." డాష్ దగ్గర నాలుగు ఆప్షన్లు. బై, అంటిల్, ఇన్, ఎట్. ఏది పెడతారు?

కరెక్ట్ జవాబు బై. కానీ మనలో చాలామంది చెయ్యి అంటిల్ వైపు వెళ్తుంది. కారణం మన తెలుగులోనే ఉంది. "శుక్రవారం వరకు ఇచ్చేయండి" అని మాట్లాడేటప్పుడు అనేస్తాం కదా. అక్కడ మనం చెప్పాలనుకున్నది "శుక్రవారం లోపు" అని. లోపు అంటే బై, దాకా అంటే అంటిల్. రిపోర్టు ఇవ్వడం ఒక్కసారితో అయిపోయే పని, అది శుక్రవారం లోపు అయిపోవాలి. ఆఫీసు శుక్రవారం దాకా తెరిచే ఉంటుంది అన్నామనుకోండి, అది సాగుతూ ఉండే సంగతి, అక్కడ అంటిల్ వస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీకు ఒక ప్రశ్న వచ్చేసినట్టే.

ఇలాంటి ప్రశ్నలు మీరు బ్యాంకు పరీక్షల్లో చూసుంటారు, ఎస్ఎస్‌సీలో చూసుంటారు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ టెస్టుల్లోనూ చూసుంటారు. కానీ ఆఫీసులో పనిచేసేవాళ్ళ ఇంగ్లీషు కొలవడానికే ప్రత్యేకంగా తయారైన ఒక పరీక్ష ఉంది. దాని పేరు టోయిక్. అమెరికా కంపెనీ తయారుచేసింది, కానీ అడిగింది అమెరికా కాదు, ఇంగ్లండూ కాదు. జపాన్. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం. ఇందులో ప్రమోషన్లున్నాయి, ఒక కొరియా సినిమా ఉంది, చివర్లో వేలమంది స్టూడెంట్ల వీసాలు పోయిన సంగతి కూడా ఉంది.

టోయిక్ కంటే ముందు ఇంగ్లీషు పరీక్ష అంటే ఎలా ఉండేదో ఒకసారి చూడండి. 1913లో కేంబ్రిడ్జ్ వాళ్ళు విదేశీయుల కోసం ఒక ప్రొఫిషియెన్సీ పరీక్ష పెట్టారు. మొత్తం కలిపి 12 గంటలు. అనువాదం, వ్యాసం, వ్యాకరణం, ధ్వనిశాస్త్రం, చదివి వినిపించడం, మాట్లాడటం, అన్నీ ఉన్నాయి. మొదటిసారి రాసింది ముగ్గురు. ముగ్గురూ ఫెయిల్. నిజమే, జోక్ కాదు. అలాంటి పరీక్షని లక్షల మందికి పెట్టడం కుదరదు, పేపర్లు దిద్దేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. స్కూలు పిల్లల రీడింగ్ కొలవడానికి ఒక చిన్న టెస్టు తయారుచేశాడు. జవాబు రాయక్కర్లేదు, ఇచ్చిన వాటిలోంచి ఒకటి గుర్తు పెడితే చాలు. దిద్దేవాడి మూడ్ బట్టి మార్కులు మారకూడదు అనేది ఆయన ఆలోచన. మల్టిపుల్ చాయిస్ చరిత్ర చెప్పేవాళ్ళు ఎక్కువగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. తర్వాత 1930లలో ఐబీఎమ్ ఒక దిద్దే మెషీన్ తెచ్చింది. పెన్సిల్ గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కదా, బుడగలో దిద్దిన మచ్చ మీదుగా కరెంటు పారితే ఆ జవాబు లెక్కలోకి వచ్చేది. పరీక్ష హాల్లో పెన్సిలే తెచ్చుకోమని ఎందుకు అనేవారో ఇప్పుడు అర్థమైంది కదా. 1947లో ఈ టెస్టుల కోసమే ఈటీఎస్ అనే సంస్థ పుట్టింది. 1965 నుంచి అమెరికా యూనివర్సిటీలకి వెళ్ళేవాళ్ళ కోసం టోఫెల్ నడుపుతోంది.

ఇక జపాన్‌కి వద్దాం. 1970లు. జపాన్ కార్లు, టీవీలు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి. 1973లో ఆయిల్ షాక్ వచ్చింది, ఎగుమతులు లేకపోతే బతుకులేదని ఆ దేశానికి ఇంకా గట్టిగా తెలిసొచ్చింది. కానీ కంపెనీ మనుషులు ఇంగ్లీషులో ఫోన్ ఎత్తాలంటే భయం. స్కూల్లో వాళ్ళు నేర్చుకున్న ఇంగ్లీషు ఎలాంటిది? వాక్యం తీసుకో, ముక్కలు చెయ్యి, జపనీస్‌లోకి మార్చు. మనలో చాలామంది స్కూల్లో ఇంగ్లీషు పాఠానికి గైడు పక్కన పెట్టుకుని తెలుగు అర్థాలు రాసుకున్నాం చూడండి, అదే పద్ధతి.

అమెరికాకి చెందిన టైమ్ పత్రిక కంపెనీలో పనిచేసిన యసువొ కితవొక అనే ఆయనకి ఇది బాధగా అనిపించింది. సరుకు వెళ్తోంది, మాట వెళ్ళట్లేదు. ఆఫీసులో, వ్యాపారంలో ఇంగ్లీషుతో నెగ్గుకురాగలరా లేదా కొలిచే పరీక్ష ఒకటి కావాలి అనుకున్నాడు. భాషా శిక్షణ రంగంలో పేరున్న నమిజి ఇతబషి కలిశాడు. ఇద్దరూ ఈటీఎస్‌ని అడిగారు. ఈటీఎస్ వాళ్ళకి జపాన్‌లో అండగా నిలబడే సంస్థ ఏదైనా కావాలి. విద్యాశాఖ ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ శాఖ అండతో 1963 నుంచే ఎయికెన్ అనే ఇంగ్లీషు పరీక్ష నడుస్తోంది. ఇంట్లో ఒకటుండగా బయటిది ఎందుకు అన్నమాట. అప్పుడు వీళ్ళు వాణిజ్య, పరిశ్రమల శాఖ వైపు తిరిగారు. ఆ శాఖలో పెద్ద పదవి చేసి రిటైరైన యయేజి వతనబె సాయంతో పని ముందుకు కదిలింది. నాకైతే ఈ మలుపు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఈ పరీక్ష బడి తలుపు తట్టింది, బడి తెరవలేదు. వ్యాపారం తెరిచింది. తర్వాత జరిగినవన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వచ్చాయి.

1979 డిసెంబరులో మొదటి టోయిక్ జరిగింది. రాసినవాళ్ళు 2,700 మందికి పైగా. తర్వాతి కాలంలో ఒక్క జపాన్‌లోనే ఏడాదికి ఇరవై లక్షలు దాటిన సందర్భాలున్నాయి.

పరీక్ష ఎలా ఉంటుందంటే, లిజనింగ్ 100 ప్రశ్నలు, 45 నిమిషాలు. రీడింగ్ 100 ప్రశ్నలు, 75 నిమిషాలు. ఒక్కో దానికి 5 నుంచి 495 వరకు స్కోరు, మొత్తం 10 నుంచి 990. పాస్, ఫెయిల్ అనేవి లేవు. చూడటానికి ఎంత మంచి మాట! కానీ పాస్ మార్కు పరీక్ష పెట్టకపోతే కంపెనీ పెడుతుంది. ఒక కంపెనీ 600 అంటుంది, ఇంకోటి 730 అంటుంది, మరొకటి విదేశాలకి పంపాలంటే ఇంకా పైన అంటుంది. గీత మాత్రం ఉంది, గీసిన చెయ్యి మారింది, అంతే.

మరి మాట్లాడలేకపోతున్నారని పెట్టిన పరీక్షలో మాట్లాడటం ఏది? మొదట్లో లేదు. రాయడమూ లేదు. వినడం, చదవడం బాగా వచ్చినవాళ్ళకి మిగతా రెండూ కూడా దాదాపు ఆ స్థాయిలోనే వస్తాయని ఈటీఎస్ తన అధ్యయనాల్లో వాదించింది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలంటే ఖర్చు కూడా మామూలుగా అవ్వదు. స్పీకింగ్, రైటింగ్ విడి పరీక్షలుగా 2006 చివర్లో గానీ రాలేదు. ఈలోగా పాతికేళ్ళకి పైగా గడిచిపోయాయి. 900 స్కోరున్నా మీటింగ్‌లో నోరు తెరవలేని ఉద్యోగి అనే బొమ్మ జపాన్‌లో, కొరియాలో బాగా స్థిరపడిపోయింది.

ఎందుకలా అవుతుంది? ఇంకో ప్రశ్న చూద్దాం. "ద కంపెనీ రిపోర్టెడ్ ఎ డాష్ ఇంక్రీజ్ ఇన్ సేల్స్." ఆప్షన్లు సిగ్నిఫికెంట్, సిగ్నిఫికెంట్లీ, సిగ్నిఫికెన్స్, సిగ్నిఫై. ఇక్కడ మీకు వాక్యం అర్థం తెలియక్కర్లేదు. ముందు "ఎ" ఉంది, వెనక "ఇంక్రీజ్" అనే నామవాచకం ఉంది, మధ్యలో విశేషణం పడాలి. సిగ్నిఫికెంట్ టిక్ పెట్టి ముందుకెళ్ళిపోవచ్చు. పది సెకన్లు. కోచింగ్ సెంటర్లు నేర్పేది సరిగ్గా ఇదే. ఖాళీకి అటూ ఇటూ చూడు, మొత్తం చదవకు. రీడింగ్‌లో మొదటి భాగంలో 30 ప్రశ్నలుంటే పది నిమిషాల్లో అవ్వాలి, అంటే ఒక్కోదానికి 20 సెకన్లు. తర్వాత పేరాల్లో ఖాళీలు 16 ఉంటాయి, వాటికి ఇంకో పది నిమిషాలు. మిగిలిన 55 నిమిషాలు పెద్ద ప్యాసేజీలకి, అక్కడ 54 ప్రశ్నలు. నిమిషానికి ఒకటి. ఈ లెక్క అక్కడ పిల్లలందరికీ కంఠతా వచ్చు. టైము చాలక చివరి ప్రశ్నలన్నీ ఒకే అక్షరం దిద్ది వచ్చేవాళ్ళ గురించి వాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకుంటారు. మనకీ కొత్తేం కాదు లెండి.

అయితే నేను ఈ ట్రిక్కుల్ని పూర్తిగా కొట్టిపారెయ్యను. ఖాళీకి ముందూ వెనకా చూడటం అంటే వ్యాకరణమే. వాక్యంలో ఏ మాట ఏ చోట కూర్చుంటుందో తెలియడం. కాకపోతే అది చదవడం కాదు. ప్యాసేజీల దగ్గరికి వచ్చేసరికి ఈ విద్య పనిచెయ్యదు. ఎందుకంటే అక్కడ రెండు మూడు కాగితాలు పక్కపక్కన పెడతారు. ఒక ప్రకటన, ఒక ఈమెయిల్, ఒక బిల్లు. ప్రకటనలో ఐదు కుర్చీల పైన కొంటే డెలివరీ ఫ్రీ అని ఉంటుంది. బిల్లులో కుర్చీలు నాలుగు ఉంటాయి. ఈమెయిల్‌లో కస్టమర్ డెలివరీ డబ్బులు ఎందుకు వేశారని అడుగుతాడు. జవాబు మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ ఉండదు, కలిపి చూస్తేనే దొరుకుతుంది. ఇది నిజంగా ఆఫీసు పనే. ముందు ప్రశ్న చదివి, ఏ కాగితంలో ఏముందో వేలితో పట్టుకుని, తర్వాత కలపాలి. ప్రాక్టీస్ చేసేటప్పుడు టైమర్ పెట్టుకోవడం కంటే ముందు, తప్పు అయిన ప్రశ్నకి ఆ జవాబు ఏ లైన్‌లోంచి వచ్చిందో గీత గీసి చూడటం ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

పరీక్ష కూడా ఈ వైపుకే జరుగుతూ వచ్చింది. మొదట్లో రీడింగ్‌లో 20 ప్రశ్నలు తప్పు పట్టుకునేవి ఉండేవి. వాక్యంలో నాలుగు చోట్ల గీతలు గీసి, తప్పు ఎక్కడుందో చెప్పమనేవారు. మన బ్యాంకు పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్ అంటామే, అదే. 2006లో దాన్ని తీసేశారు, ఆ స్థానంలో పేరాలో ఖాళీలు పెట్టారు. 2016లో జపాన్, కొరియాలలో ఇంకో మార్పు వచ్చింది. విడి వాక్యాల ప్రశ్నలు 40 నుంచి 30కి తగ్గాయి, ప్యాసేజీ ప్రశ్నలు 48 నుంచి 54కి పెరిగాయి, ఫోన్ చాట్ మెసేజీలు కూడా ప్యాసేజీలుగా వచ్చేశాయి. గ్రామర్ తగ్గింది, చదవడం పెరిగింది.

ఇక్కడ ఒక సరదా సంగతి. ఏళ్ళ తరబడి ఈ ప్రశ్నపత్రాలు చదివిన జపాన్ వాళ్ళకి అందులో ఒక లోకం కనిపించింది. దాన్ని టోయిక్ వరల్డ్ అని పిలుచుకుంటారు. ఆ లోకంలో జిరాక్స్ మెషీన్ ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. విమానం తప్పకుండా లేటు. ఆర్డర్ ఇచ్చిన వస్తువు తప్పుది వస్తుంది, కానీ కస్టమర్‌కి కోపం రాదు, కంపెనీ వెంటనే సారీ చెప్పి కూపన్ పంపుతుంది. యుద్ధం లేదు, రాజకీయం లేదు, చావు లేదు. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయరు. ఎవరైనా రిటైర్ అయితే పెద్ద పార్టీ ఉంటుంది. అన్ని దేశాల వాళ్ళూ రాసే పరీక్ష కాబట్టి ఎవర్నీ నొప్పించని విషయాలే ఏరుకుంటారు, అది అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ తీపి లోకం గురించి చదివి స్కోరు తెచ్చుకోకపోతే నిజం ఆఫీసులో ప్రమోషన్ ఆగిపోతుంది. చూడండి, ఎక్కడికి ఎక్కడ లంకె!

ఆ లంకె బాగా బిగిసింది కొరియాలో. టోయిక్ అక్కడికి 1982లో వచ్చింది. 1990ల మధ్యలో కిమ్ యంగ్-సామ్ ప్రభుత్వం సెగ్యెహ్వా అనే నినాదం ఎత్తుకుంది, అంటే ప్రపంచీకరణ. పెద్ద కంపెనీలు టోయిక్ స్కోరు అడగడం మొదలుపెట్టాయి. 1997లో ఆర్థిక సంక్షోభం వచ్చింది, ఉద్యోగాలు ఊడిపోయాయి, ఉన్న కొద్ది ఉద్యోగాలకి పోటీ విపరీతంగా పెరిగింది. అప్పటినుంచి స్పెక్ అనే మాట పుట్టింది. ఫోన్ కొనేటప్పుడు స్పెక్స్ చూస్తాం కదా, ర్యామ్ ఎంత, కెమెరా ఎంత అని. అక్కడ మనిషికి స్పెక్. ఏ కాలేజీ, ఎంత గ్రేడు, టోయిక్ ఎంత. 2004 నుంచి లాయరు కావడానికి రాసే జాతీయ పరీక్షకి కూడా ఇంగ్లీషు పేపర్ బదులు టోయిక్‌లో 700 లాంటి స్కోరు చాలు అన్నారు. పైగా అక్కడ స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. అంటే ఉద్యోగం రాకపోతే మళ్ళీ ఫీజు, మళ్ళీ పరీక్ష.

2020లో వచ్చిన ఒక కొరియా సినిమా పేరులోనే టోయిక్ క్లాస్ ఉంటుంది. ఇంగ్లీషులో సామ్‌జిన్ కంపెనీ ఇంగ్లీష్ క్లాస్ అని విడుదలైంది. కథా కాలం 1995. ముగ్గురు అమ్మాయిలు, కామర్స్ హైస్కూలు చదివి ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఎనిమిదేళ్ళ అనుభవం ఉంది, పని మగవాళ్ళ కంటే బాగా వచ్చు. కానీ చేయించేది కాఫీ కలపడం, బల్లలు తుడవడం. టోయిక్‌లో 600 తెచ్చుకుంటే పై హోదా ఇస్తామని కంపెనీ ప్రకటిస్తుంది. పొద్దున్నే ఆఫీసు మొదలవకముందు అందరూ క్లాసులో కూర్చుంటారు. ఈలోగా తమ ఫ్యాక్టరీయే నదిలోకి విషం వదులుతోందని వాళ్ళ కంటపడుతుంది. 1991లో నక్‌దాంగ్ నదిలో ఫినాల్ కలిసిన నిజం సంఘటన దీనికి ప్రేరణ. సినిమా చూడకపోతే చూడండి, మిగతాది చెప్పను. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. డిగ్రీ లేని ఆడపిల్లకి అప్పటిదాకా తలుపే లేదు. పరీక్ష ఒక తలుపు చూపించింది. ఆ పనికి ఇంగ్లీషు కావాలా అని మాత్రం ఎవరూ అడగలేదు. పరీక్షని పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ ఇందులో సగమే చెప్తారు.

జపాన్‌లో రకుటెన్ అని ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ ఉంది, మన బెంగళూరులోనూ వాళ్ళ ఆఫీసు ఉంది. 2010లో దాని అధిపతి హిరోషి మికితాని ఇక మన కంపెనీ భాష ఇంగ్లీషు అని ప్రకటించాడు. రెండేళ్ళు గడువు. క్యాంటీన్ మెనూ దగ్గర్నుంచి లిఫ్టు బోర్డుల దాకా ఇంగ్లీషులోకి మారిపోయాయి. టోయిక్ స్కోరు రాకపోతే హోదా తగ్గుతుందన్నారు. ఉద్యోగుల సగటు స్కోరు 2010లో 526 దగ్గరుండేది, ఐదేళ్ళలో 800 దాటింది. ఇంత మార్పు ఎలా వచ్చింది? మొదట్లో మీ సొంత టైములో, సొంత డబ్బుతో నేర్చుకోండి అన్నారు, జనం నలిగిపోయారు. తర్వాత కంపెనీయే క్లాసులు పెట్టి, ఆఫీసు టైములో చదువుకోనిచ్చింది. ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. మీ మేనేజర్ ఇంగ్లీషు ఇంప్రూవ్ చేసుకో అన్నప్పుడు, టైమ్ ఇస్తారా సార్ అని అడగొచ్చు.

ఇప్పుడు లండన్‌కి. 2011 నుంచి బ్రిటన్ స్టూడెంట్ వీసాలకి టోయిక్‌ని కూడా ఒప్పుకుంది. ఆఫీసు కోసం పుట్టిన పరీక్ష దేశం సరిహద్దు గేటు దగ్గర కూర్చుంది. 2014 ఫిబ్రవరిలో బీబీసీ పనోరమా కార్యక్రమం రహస్య కెమెరాతో తీసిన వీడియో చూపించింది. కొన్ని సెంటర్లలో అభ్యర్థుల బదులు వేరేవాళ్ళు కూర్చుని రాస్తున్నారు. మల్టిపుల్ చాయిస్ పేపర్‌కి పర్యవేక్షకుడే జవాబులు గట్టిగా చదివి వినిపించాడు. మోసం నిజం, అందులో అనుమానం లేదు.

కానీ తర్వాత ఏమైందో చూడండి. బ్రిటన్ హోం ఆఫీసు ఈటీఎస్‌ని రికార్డింగులు వెతకమంది. 2011 నుంచి 2014 వరకు జరిగిన 58,000కి పైగా పరీక్షల గొంతులు కంప్యూటర్‌తో పోల్చి చూశారు. దాదాపు 34,000 పరీక్షలు చెల్లవన్నారు, ఇంకో 22,000 అనుమానం అన్నారు. రెండూ కలిపితే నూటికి 97. కొంచెం ఆలోచించండి. రాసినవాళ్ళలో నూటికి మూడు మంది మాత్రమే నిజాయితీపరులా? ఆ లెక్క ఆధారంగా వీసాలు రద్దయ్యాయి. మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ పిల్లలు ఇందులో చాలామంది. 11,000 మందికి పైగా దేశం వదిలి వెళ్ళారు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్ళు కోర్టులో నిలబడి, నా పరీక్ష నేనే రాశాను అని అదే ఇంగ్లీషులో చెప్పుకోవాల్సి వచ్చింది. 2019లో బ్రిటన్ జాతీయ ఆడిట్ ఆఫీసు రిపోర్టు ఇచ్చింది. మోసం జరిగింది నిజమే, కానీ అమాయకులు ఎంతమంది ఇరుక్కున్నారో హోం ఆఫీసు సరిగ్గా చూడలేదు అంది. అప్పటికి 12,500 అప్పీళ్ళు విచారణకి వచ్చాయి, 3,600 గెలిచాయి. గెలిచినవాళ్ళకైనా మధ్యలో పోయిన ఏళ్ళు ఎవరిస్తారు? ఫీజులు కట్టడానికి ఇంట్లో అమ్మిన పొలం ఎవరిస్తారు?

అందుకే ఏ పరీక్ష రాసినా సరే, రిజిస్ట్రేషన్ మెయిలు, ఫీజు రసీదు, హాల్‌టికెట్, ఆ రోజు సెంటర్‌కి వెళ్ళిన టికెట్టు, అన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. కన్సల్టెన్సీ వాళ్ళు సెంటర్ మేమే బుక్ చేస్తాం, మీకెందుకు అంటే అక్కడే ఆగండి. మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీరే బుక్ చేసుకోవాలి.

బ్రిటన్‌లో టోయిక్ వీసా పరీక్షగా 2014లోనే ఆగిపోయింది. జపాన్‌లో, కొరియాలో మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. 2025లో టోక్యోలో ఒకరి బదులు మరొకరు వెళ్ళి, హాల్లో జవాబులు చేరవేసిన వ్యవహారం బయటపడి, 800 మందికి పైగా ఫలితాలు రద్దు చేశారు. స్కోరు విలువ పెరిగిన చోటికి దొంగ కూడా వస్తాడు కదా.

వచ్చే ఎపిసోడ్‌లో మన నర్సులు ఎక్కువగా అడుగుతున్న ఓఈటీ గురించి. అది ఆస్ట్రేలియాలో ఎందుకు పుట్టింది, అందులో రోగి కేసు నోట్స్ చూసి ఉత్తరం ఎందుకు రాయిస్తారు, అవన్నీ చూద్దాం. ఈలోగా బై, అంటిల్ తేడాతో రెండు వాక్యాలు కామెంట్‌లో రాయండి, తప్పులుంటే నేను దిద్దుతాను. ఉంటాను.